గురజాడ అప్పారావు

నేటి అనకాపల్లి జిల్లాలోని సర్వసిద్ధి రాయవరంలో 1862 సెప్టెంబరు 21న గురజాడ అప్పారావు జన్మించారు. విజయనగరం మహారాజా కళాశాలలో విద్యాభ్యాసం చేసి, అక్కడే అధ్యాపకులయ్యారు. ఆనంద గజపతి మహారాజు ఆదరణలో సంస్థాన శాసన పరిశోధకులుగానూ పనిచేశారు.

సొమ్ము పుచ్చుకొని పసిపిల్లలను వృద్ధులకిచ్చి పెళ్లిచేసే దురాచారం ఆనాడు విశాఖ మండలంలోని బ్రాహ్మణ కుటుంబాలలో ప్రబలి ఉండేది. మహారాజు మూడేళ్ల లెక్క తీయించగా అటువంటి వివాహాలు 1034 తేలాయి. ఆ దురాచారాన్ని ఎండగట్టేందుకు అప్పారావు రచించిన 'కన్యాశుల్కం' 1892లో ప్రదర్శితమై, 1897లో అచ్చయింది. 1909లో దానిని ఆయన దాదాపు కొత్త నాటకమన్నంతగా తిరగరాశారు.

సంస్కరణ కోసం రాసిన నాటకంలో సంస్కరణవాది ఉత్తముడిగా, వేశ్య దుష్టురాలిగా ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. అప్పారావు ఆ దారి తొక్కలేదు. వితంతు వివాహాలను గురించి ఉపన్యాసాలు దంచే గిరీశం, పూటకూళ్లమ్మ సొమ్మును వేశ్య కోసం తగలేసిన ఘనుడు. బాలవితంతువు బుచ్చమ్మను అతడు మాయమాటలతో లేవదీసుకుపోతాడు. అయితే, కోపిష్ఠి తండ్రి అగ్నిహోత్రావధాన్ల ఇంట ఆమెకు మిగిలి ఉన్నదేమిటి? ఆ మోసగాడు తెరిచిన తలుపులోంచి బయటపడినందువల్లనే చివరకు ఆమెకు వితంతు శరణాలయానికి దారి దొరికింది. గిరీశం చేసినది మేలా, కీడా? నాటకకర్త తీర్పు చెప్పలేదు.

మధురవాణి పాత్ర మరింత లోతైనది. ఆమె అబద్ధాలాడుతుంది, మగవాళ్లను ఆటపట్టిస్తుంది, నగల విలువ ఎరుగును. ముసలి లుబ్ధావధాన్లతో పసిపిల్ల సుబ్బి పెళ్లి తప్పించే కపట నాటకానికి చేయూతనిచ్చేదీ ఆమెయే. వేశ్యల ముఖం చూడనని నియమం పెట్టుకున్న వకీలు సౌజన్యారావు పంతులు సజ్జనుడే. కాని, హత్యానేరం మోపబడిన లుబ్ధావధాన్లను కాపాడే నిజం ఆ వేశ్య వద్దనే ఉన్నది. అందుకే ఆమె మగవేషం ధరించి ఆయన ఇంటికి వెళ్లవలసి వచ్చింది.

అప్పారావు జీవితమూ ఒకే రంగులో సాగలేదు. 1897లో మహారాజు మరణించాక, ఆయన సోదరి రీవా మహారాణికి ఆంతరంగిక కార్యదర్శిగా ఉండి, సంస్థానపు దత్తత వ్యాజ్యంలో ఏళ్లతరబడి తలమునకలయ్యారు. ఆడపిల్లల అమ్మకాన్ని ఖండించిన కలం, పగటిపూట రాచకుటుంబపు ఆస్తి తగాదాల కాగితాలు రాసింది. ఆ వ్యాజ్యం రాజీతో ముగియగా 1913లో కొలువు విరమించారు. మరుసటి ఏడే, వ్యావహారిక భాషను సమర్థిస్తూ మద్రాసు విశ్వవిద్యాలయానికి సుదీర్ఘమైన అసమ్మతి పత్రం సమర్పించారు. 1915 నవంబరు 30న విజయనగరంలో కన్నుమూశారు.