మంచుకొండలు దాటి మన గ్రంథాలు తెచ్చిన రాహుల్ సాంకృత్యాయన్



ఏప్రిల్ 14 అనగానే మనకు బాబాసాహెబ్ జయంతి. ఎర్రగడ్డ బస్తీల్లోనూ ఆ రోజు నీలి జెండాలు కట్టుకుంటాం. అదే ఏప్రిల్ 14న, 1963లో, డార్జిలింగ్‌లో ఒక మహా పండితుడు కన్నుమూశాడు. ఆయనే రాహుల్ సాంకృత్యాయన్. ‘ఓల్గా నుంచి గంగకు’ పుస్తకం రాసినాయనగా తెలుగు పాఠకులకు ఆయన బాగా తెలుసు. కానీ ధమ్మం కోసం ఆయన నడిచిన నడక మనలో చాలామందికి తెలియదు.

రాహుల్ 1893 ఏప్రిల్ 9న ఉత్తరప్రదేశ్‌లోని ఆజంగఢ్ జిల్లా పందహా గ్రామంలో, బ్రాహ్మణ కుటుంబంలో పుట్టాడు. అసలు పేరు కేదార్‌నాథ్ పాండే. చిన్నప్పుడే పెళ్లి చేశారు. ఆ పెళ్లిని ఒప్పుకోక ఇల్లు విడిచాడు. మఠంలో సాధువయ్యాడు, ఆర్యసమాజంలో చేరాడు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకెళ్లాడు. ఎక్కడా ఆయన ప్రశ్నలు తీరలేదు. 1926లో లడఖ్ వెళ్లి అక్కడి బౌద్ధ విహారాలు చూశాడు. తర్వాత శ్రీలంక విద్యాలంకార విహారంలో సంస్కృతం చెబుతూ, పాలీ నేర్చుకుని త్రిపిటకాలు చదివాడు.

అక్కడే ఒక బాధ పట్టుకుంది. నలంద, విక్రమశిల నాశనమయ్యాక మన ఆచార్యుల గ్రంథాలు ఈ దేశంలో కనుమరుగయ్యాయి. కొన్నింటి అనువాదాలు టిబెట్‌లో మిగిలాయి. మూల ప్రతులు కూడా అక్కడి విహారాల్లో ఉంటే? వెతకాలంటే హిమాలయాలు దాటాలి.

ఆ రోజుల్లో భారతీయులకు టిబెట్ వెళ్లే అనుమతి లేదు. 1929లో రాహుల్ నేపాల్ మీదుగా బిచ్చగాడి వేషంలో బయలుదేరాడు. సొంత డేరా లేదు, ఆయుధం లేదు. తోడు ఒక మంగోల్ భిక్షువు. దారిలో థోంగ్‌లా అనే కనుమ ఉంది. ఎత్తు పదహారు పదిహేడు వేల అడుగులు. చుట్టుపక్కల మైళ్ల కొద్దీ ఊరన్నది లేదు. అక్కడి దొంగలు ముందు మనిషిని చంపి, ఆ తర్వాతే డబ్బులున్నాయా అని చూసేవారట. ఎవరి మీదైనా అనుమానం వస్తే ఇద్దరూ టోపీ తీసి, నాలుక బయటపెట్టి పైసా అడుక్కునేవారు. బిచ్చగాణ్ని చంపితే ఏమొస్తుంది గనక! ఒకచోట రాహుల్ గుర్రం వెనకబడింది, దారి తప్పాడు. మైలుకు పైగా పోయి, తెలుసుకుని మళ్లీ వెనక్కి తిరిగాడు.

ఆ లోయల్లో ఆయన గమనించిన ఒక సంగతి మనం గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. కులం లేదు, అంటరానితనం లేదు. ఆడవాళ్లకు పరదా లేదు. ముక్కూ మొహం తెలియని బాటసారి వంటింటి దాకా వెళ్లి టీ పెట్టించుకోవచ్చు. దొంగతనం భయంతో మరీ దీనంగా ఉన్న బిచ్చగాళ్లను రానివ్వకపోవచ్చు గానీ, పుట్టుక అడిగి గుమ్మం బయట నిలబెట్టరు. పొయ్యి దగ్గర మనిషికి చోటుందా లేదా అన్నదే మన ఊళ్లలో కూడా అసలు పరీక్ష గదా!

అలాగని అక్కడ అంతా బాగుందని ఆయన రాయలేదు. భూములన్నీ జాగీర్లుగా ఉండేవి. చాలా భాగం మఠాల చేతిలో ఉండేది. రైతులు వెట్టి చేసేవారు. చీవరం కట్టినంత మాత్రాన జమీందారీ ధమ్మం కాదని మనం ఇక్కడ తెలుసుకోవాలి.

షేకర్ అనే చోట ఒక మందిరంలో బుద్ధవచనం చేతిరాత ప్రతులు 103 సంపుటాలు కనిపించాయి. ఒక్కొక్కటీ 15 సేర్ల బరువు. రాహుల్ ఇక వాటి మధ్యే కూర్చుండిపోయాడు. లాసా చేరి, 1930లో తిరిగి వచ్చేటప్పుడు 22 కంచర గాడిదల మీద గ్రంథాలు, చిత్రపటాలు తెచ్చాడు. అవి పాట్నాకు చేరాయి. అదే ఏడాది శ్రీలంకలో భిక్షువై రాహుల్ అన్న పేరు తీసుకున్నాడు.

ఆ తర్వాత 1934, 1936, 1938లో మరో మూడుసార్లు టిబెట్ వెళ్లాడు. ధర్మకీర్తి ‘ప్రమాణవార్తికం’ సంస్కృత మూలం దొరికింది. షాలూ విహారంలో ఆచార్య నాగార్జునుడి ‘విగ్రహవ్యావర్తని’ దొరికింది. మన కృష్ణా తీరంతో, శ్రీపర్వతంతో ముడిపెట్టి చెప్పుకునే ఆచార్యుడి మాటను మనం పోగొట్టుకుంటే, మంచుకొండల అవతలివాళ్లు దాచిపెట్టారు. 1937లో అది అచ్చయింది.

తర్వాత రాహుల్ చీవరం వదిలాడు, కమ్యూనిస్టు అయ్యాడు. 1939లో బీహార్ రైతుల పక్షాన నిలబడి తల పగలగొట్టించుకున్నాడు. ఆయన సహచరుడు భదంత ఆనంద్ కౌసల్యాయన్ మాత్రం భిక్షువుగానే ఉండి, బాబాసాహెబ్ రాసిన ‘బుద్ధుడు – ఆయన ధమ్మం’ గ్రంథాన్ని హిందీలోకి తెచ్చాడు.

మిత్రులారా, చివరి రోజుల్లో రాహుల్‌కు జ్ఞాపకశక్తి పోయింది. కానీ ఒక దేశం మరిచిపోయిన గ్రంథాలను అప్పటికే వెనక్కి తెచ్చి ఇచ్చాడు. మనం ఇప్పుడు ఏ కొండా ఎక్కనక్కర్లేదు. బాబాసాహెబ్ గ్రంథం తెలుగులోనే దొరుకుతుంది. ప్రతి ఆదివారం ఇంటిల్లిపాదీ కూర్చుని నాలుగు పేజీలు చదవండి. చదవని పుస్తకం మన అల్మారాలో ఉన్నా పోగొట్టుకున్నట్టే.

భవతు సబ్బ మంగళం.