పర్ణశాలల పండుగ, ఒకే బంతి భోజనం

పండుగ అంటే దేవుని సన్నిధిలో అందరూ కూడుకోవడమని లేవీయకాండం 23వ అధ్యాయం బోధిస్తుంది. పర్ణశాలల పండుగకు ఇశ్రాయేలీయులు కలవారైనా, లేనివారైనా ఇళ్లు విడిచి ఏడు దినాలు ఆకుల పందిళ్లలో నివసించేవారు. ఆ సత్యాన్ని మన నేలమీద ఆచరించి చూపిన దైవజనుడు సహోదరుడు భక్త్‌సింగ్.

ఆయన 1903లో పంజాబులో ఒక సిక్కు కుటుంబంలో జన్మించారు. ఇంజనీరింగ్ చదువు కోసం ఇంగ్లాండు, కెనడా వెళ్లి, అక్కడ క్రీస్తును తెలుసుకున్నారు. 1932లో వాంకూవర్‌లో బాప్తిస్మం పొంది, మరుసటి ఏడు స్వదేశానికి వచ్చారు. విశ్వాసాన్ని బయటపెట్టవద్దన్న తల్లిదండ్రుల కోరికకు ఒప్పుకోలేక, ఇంటికి దూరమై వీధుల్లో సువార్త ప్రకటించారు.

1941లో మద్రాసులో ఆయన ప్రారంభించిన పరిశుద్ధ సమాజకూటాలకు ఆధారం ఆ 23వ అధ్యాయమే. 1950లో హైదరాబాదులో హెబ్రోను ఏర్పడ్డాక తెలుగు పల్లెల నుంచి వేలమంది తరలివచ్చారు. పందిళ్లలో బస, నేలమీద భోజనం. అన్ని కులాలవారూ ఒకే బంతిలో కూర్చునేవారు. ఖర్చుల కోసం ఆయన మనుషులను అడగలేదు, మోకరించి దేవుణ్ణే అడిగారు. 2000 సెప్టెంబరు 17న ప్రభువు సన్నిధికి చేరారు.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ సంఘాల్లో మనమూ మహాసభలకు పందిళ్లు వేస్తాం. అయితే పెద్దలకు బల్లలు, పేదలకు చివరి బంతి అయితే అది దేవుని పండుగ అవుతుందా? దాసుడు, పరదేశి, విధవరాలు మనతో కలిసి సంతోషించాలన్నదే ఆయన ఆజ్ఞ (ద్వితీ 16:14). ప్రియులారా, ఈసారి ప్రేమవిందులో మనం ఎన్నడూ పలకరించని సహోదరుని పక్కన కూర్చుందాం.