ద్రాక్షాసవమును శోధించిన పాశ్చర్

లూయీ పాశ్చర్ అనగానే మన విద్యార్థులకు పిచ్చికుక్క కాటునకు వేయు టీకా స్ఫురించును. ఆ కథ పాఠ్యపుస్తకములలో ఉన్నదే. కావున మేము దానిని విడిచి, ఫ్రాన్సు దేశపు ద్రాక్షాసవమునకు ఆయన చేసిన సేవను ముచ్చటింపదలచితిమి. మద్యపు ప్రసంగము బడి పత్రికకు ఏలయని పెద్దలు కోపింపవలదు. ఆ దేశమున అది అసంఖ్యాకులగు రైతులకు జీవనాధారము.

పాశ్చర్ 1822 డిసెంబరు 27వ తేదీన డోల్ పట్టణమున జన్మించెను. తండ్రి తోళ్లు పదునుచేసి జీవించువాడు. బాల్యము ద్రాక్షతోటల నడుమనున్న ఆర్బువాలో గడచెను. 1857లో ఆయన ప్యారిస్‌లోని ఎకోల్ నార్మాల్ విద్యాలయమున శాస్త్రవిద్యలకు అధిపతియయ్యెను. పరిశోధనకు దొరకినవి మాత్రము పైకప్పు క్రింది ఇరుకు గదులు! ప్రయోగముల ఖర్చునకు ఏటా 1,500 ఫ్రాంకులు ఇచ్చుటకు బడ్జెటులో పద్దు లేదని మంత్రి తేల్చిచెప్పెను.

1860లో ఇంగ్లండుతో కుదిరిన వర్తక సంధివలన సుంకములు తగ్గి, ఎగుమతులకు దారి తెరచుకొనెను. కాని పీపాలలోని ఆసవము పులుపెక్కియో, చేదెక్కియో, జిగటవారియో చెడిపోవుచుండెను. కారణము కనుగొనుమని 1863లో మూడవ నెపోలియన్ చక్రవర్తి పాశ్చర్‌ను కోరెను. ఆర్బువా పురపాలక సంఘము ప్రయోగశాల ఖర్చు తాము భరింతుమనగా, ఫలితము చూపలేనిచో ఆ ఋణము తీరుటెట్లని సంకోచించి ఆయన వలదనెను. 1864లో శిష్యులతో అచ్చట ఒక పాత కాఫీ అంగడిలో దిగెను. పరికరములు ఊరి వడ్రంగియు కమ్మరియు చేసి ఇచ్చినవే. పాత బోర్డును చూచి, భోజనమునకని లోనికి వచ్చినవారును కలరట!

ఆసవపు రోగములకు సూక్ష్మజీవులే కారణమని సూక్ష్మదర్శిని చూపెను. గాలి తగులనీయక 50 నుండి 60 డిగ్రీల వరకు కొద్దిసేపు వేడిచేసినచో అవి నశించునని ఆయన కనుగొని, 1865లో పేటెంటు పొంది, పిదప దానిని అందరి ఉపయోగమునకు విడిచెను. వేడిచేసిన రుచి చెడునని వర్తకులు వాదించిరి. రుచి చూచుటలో ఆరితేరినవారికి ఒకే ఆసవమును రెండు పాత్రలలో పోసి ఈయగా, వారు అందును భేదము కనిపెట్టిరి!

1868లో ప్రయోగశాలల దుస్థితిని గూర్చి పాశ్చర్ ఘాటుగా వ్రాసెను. క్రొత్త ప్రయోగశాల మంజూరై కట్టడము మొదలయ్యెను. అక్టోబరులో ఆయనకు పక్షవాతము తగిలి ఎడమ ప్రక్క పడిపోయెను. ఇక బ్రతుకడని తలచి అధికారులు కట్టడము ఆపించిరి. మంచము పట్టిన మనుష్యునికి ఆ సంగతి తెలిసినప్పటి వ్యథ ఎట్టిదో! కచేరీ లెక్కలు ఏ దేశమునైనను ఒక్కటే కాబోలు. చక్రవర్తి చెవిని పడిన పిమ్మట గాని పని సాగలేదు.

1874లో జాతీయ సభ ఏటా 12,000 ఫ్రాంకుల భరణము మంజూరు చేసెను. 1878లో ఆర్బువా చెంత తన సొంత తోటలో తీగలపై గాజుగదులు నిలిపి, ద్రాక్షరసమును పులియించు కిణ్వము పండులో పుట్టునది కాదనియు, వెలుపలినుండి చేరునదనియు నిరూపించెను. 1895 సెప్టెంబరు 28వ తేదీన ఆయన పరమపదించెను. ఆ తోట నేటికిని ఉన్నది.