‘చిన్న లీగ్’ ఆటగాడి పెద్ద పరుగు

రెజ్యూమెలో మీ మార్కులు చూడకముందే కాలేజీ పేరు చూసి పక్కన పెట్టేశారా? టైర్-3 అనే ముద్ర మీ మీదా పడిందా? అయితే ఈ అమెరికన్ బేస్‌బాల్ ఆటగాడి గురించి మీరు తెలుసుకోవాల్సిందే. ఆయన పాతికేళ్ల పాటు ఆడిన లీగ్‌లను అక్కడివాళ్లు పెద్ద లీగ్‌లుగా లెక్కలోకే తీసుకోలేదు. ఆ గుర్తింపు వచ్చింది 2020లో. అప్పటికి ఆయన చనిపోయి 29 ఏళ్లు! పేరు జేమ్స్ థామస్ బెల్. జనం పిలిచింది మాత్రం ‘కూల్ పాపా’ బెల్ అని.

బేస్‌బాల్ తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. మైదానంలో వజ్రం ఆకారంలో నాలుగు బేస్‌లుంటాయి. ఆటగాడు వాటన్నిటినీ చుట్టి మొదటికి వస్తేనే ఒక పరుగు. బంతిని ఎవరూ కొట్టకపోయినా, ఫీల్డర్లు తేరుకునేలోపే తర్వాతి బేస్‌కి దూసుకుపోవడాన్ని స్టీలింగ్ అంటారు. ఔట్‌ఫీల్డర్ అంటే, మన క్రికెట్‌లో బౌండరీ వైపు కాపలా కాసే ఫీల్డర్ లాంటివాడు. బెల్ సెంటర్ ఫీల్డ్‌లో నిలబడేవాడు. తన కాలంలో ఆయనంత వేగంగా పరిగెత్తినవాళ్లు లేరని తోటి ఆటగాళ్లే చెప్పుకొనేవారు.

తలుపు ముందే మూసేశారు

బెల్ 1903లో మిసిసిపి రాష్ట్రంలోని స్టార్క్‌విల్‌లో పుట్టాడు. టీనేజీలోనే సెయింట్ లూయిస్ నగరానికి వెళ్లి అన్నల దగ్గర ఉంటూ మాంసం ప్యాకింగ్ కంపెనీలో పనికి కుదిరాడు. ఖాళీ దొరికితే ఆట. 1922లో సెయింట్ లూయిస్ స్టార్స్ జట్టు నెలకు 90 డాలర్ల జీతంతో తీసుకుంది.

అది నీగ్రో నేషనల్ లీగ్ జట్టు. ఆ రోజుల్లో నల్లజాతి ఆటగాళ్లకు మేజర్ లీగ్‌లో చోటు లేదు. ఎక్కడా రాసిపెట్టిన రూలేమీ కాదది, జట్ల యజమానులంతా కలిసి పాటించిన కట్టుబాటు. అందుకే నల్లజాతివాళ్లు సొంతంగా లీగ్‌లు పెట్టుకున్నారు. అంటే బెల్‌కి ప్రతిభ లేక పెద్ద లీగ్‌లోకి రాలేకపోవడం కాదు, పరీక్ష హాల్లోకే రానివ్వలేదు. ఈ తేడా గుర్తుంచుకోండి. మనల్ని పక్కన పెట్టిన ప్రతిసారీ తప్పు మనదే అయి ఉండదు.

ఒక పని పోతే ఇంకో పని

బెల్ జట్టులోకి వచ్చింది ఎడమచేతి పిచ్చర్‌గా, అంటే బౌలర్‌గా అనుకోండి. 19 ఏళ్ల కుర్రాడు ఒత్తిడిలోనూ కంగారుపడకుండా బంతులేస్తుంటే కూల్ అన్నారు. ఆ మాట ఒక్కటే వెలితిగా ఉందని మేనేజర్ బిల్ గేట్‌వుడ్ దానికి పాపా తగిలించాడు.

కానీ పిచ్చర్‌గా ఆయన కథ ఎంతో కాలం సాగలేదు. ఈ కుర్రాడి అసలు ఆస్తి కాళ్లని జట్టు గ్రహించింది. దాంతో సెంటర్ ఫీల్డ్‌కి మారాడు. అంతటితో ఆగలేదు. సహజంగా కుడివైపు నిలబడి బ్యాటింగ్ చేసే మనిషి, ఎడమవైపు నుంచి కొట్టడం కూడా నేర్చుకున్నాడు. ఎందుకంటారా? ఎడమవైపు నిలబడితే మొదటి బేస్ ఒకటి రెండు అడుగులు దగ్గరవుతుంది. వేగంగా పరిగెత్తేవాడికి ఆ రెండడుగులు చాలు.

మీ విషయంలోనూ ఇలాగే ఆలోచించండి. కోడింగ్ బాగా వచ్చు, ఇంగ్లిష్‌లో మాట్లాడటం రాదు. సబ్జెక్టు మీద పట్టుంది, ఎక్సెల్ రాదు. కొత్తగా ఏదైనా నేర్చుకునేటప్పుడు అందరూ నేర్చుకుంటున్నది కాదు, మీ అసలు బలానికి రెండడుగులు కలిపేది ఏదో చూసుకోండి.

బెల్ ఉండగా స్టార్స్ 1928, 1930, 1931లో లీగ్ టైటిళ్లు గెలిచింది. 1931 తర్వాత మాంద్యం దెబ్బకి లీగే మూతపడింది! కంపెనీ మూతపడితే ఉద్యోగి పరిస్థితి ఏమిటో అదే ఆయన పరిస్థితి. డెట్రాయిట్, కాన్సస్ సిటీ జట్లకు ఆడి, 1933లో పిట్స్‌బర్గ్ క్రాఫర్డ్స్‌లో చేరాడు. 1937లో డొమినికన్ రిపబ్లిక్, ఆ తర్వాత నాలుగేళ్లు మెక్సికో. ఎండాకాలం ఒక దేశం, చలికాలం ఇంకో దేశం. మెక్సికోలో హోటళ్లలో, రెస్టారెంట్లలో రంగు చూసి గెంటేసేవాళ్లు లేరు. 37 ఏళ్ల వయసులో, 1940లో, అక్కడి లీగ్‌లో 0.437 బ్యాటింగ్ సగటు సాధించాడు. సగటు, హోమ్ రన్లు, రన్స్ బ్యాటెడ్ ఇన్... మూడింటిలోనూ ఆయనే మొదటి స్థానం.

వేగం కాళ్లలోనే కాదు

బెల్ వేగం మీద ఎన్నో కథలున్నాయి. గదిలో లైట్ స్విచ్ ఆపి, చీకటి పడేలోపే మంచం ఎక్కేసేవాడని సహచరుడు సాచెల్ పేజ్ ఊరంతా చెప్పేవాడు. అసలు సంగతి ఏమిటంటే ఆ స్విచ్ పాడైంది, నొక్కాక కాసేపటికి గానీ లైటు ఆరేది కాదు. ఆ సంగతి కనిపెట్టి బెల్ పేజ్‌ని ఆటపట్టించాడు!

కానీ 1948లో జరిగింది కట్టుకథ కాదు. మేజర్ లీగ్ ఆటగాళ్లతో ఎగ్జిబిషన్ మ్యాచ్. మొదటి బేస్ మీద 45 ఏళ్ల బెల్. పేజ్ బంతిని నెమ్మదిగా తట్టాడు. అలాంటప్పుడు రన్నర్ మామూలుగా ఒక్క బేస్ ముందుకెళ్తాడు. బెల్ రెండో బేస్ దాటేసరికి మూడో బేస్ దగ్గర ఎవరూ లేరు. దాన్ని కాయడానికి క్యాచర్ పరిగెత్తుకొచ్చాడు. మరి క్యాచర్ ఇటొస్తే అటు హోమ్ ఖాళీయే కదా? బెల్ ఆగకుండా క్యాచర్‌ని దాటుకుంటూ వెళ్లి పరుగు పూర్తి చేసేశాడు. కాళ్లు ఎంత పనిచేశాయో కళ్లూ అంతే పనిచేశాయి.

దారి ఇచ్చినవాడు

1947లో జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్ గోడ బద్దలు కొట్టాడు. అప్పటికే బెల్‌కి 44 ఏళ్లు, ఆయన వంతు దాటిపోయింది. అంతకు రెండేళ్ల ముందు రాబిన్సన్ షార్ట్‌స్టాప్ స్థానంలో ఆడుతున్నప్పుడు, అది అతనికి సరిపడదని బెల్‌కి అనిపించింది. మాటలతో చెప్పలేదు. కావాలని అతని కుడివైపుకే బంతులు కొట్టి, బేస్‌కి సురక్షితంగా చేరి చూపించాడు. రాబిన్సన్ తర్వాతి కాలంలో రెండో బేస్ దగ్గరే స్థిరపడ్డాడు. 1946లో బ్యాటింగ్ టైటిల్‌కి దగ్గరగా ఉండి కూడా, కుర్రాడైన మాంటీ ఇర్విన్‌కి దక్కాలని చివర్లో తాను తప్పుకున్నానని బెల్ చెప్పేవాడు. ఎర్నీ బ్యాంక్స్ అనే కుర్రాణ్ని గుర్తించి కాన్సస్ సిటీ మోనార్క్స్‌కి సిఫారసు చేసిందీ ఆయనే. బ్యాంక్స్ తర్వాత మేజర్ లీగ్‌లో 512 హోమ్ రన్లు కొట్టాడు.

1951లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ అనే మేజర్ లీగ్ జట్టు బెల్‌కే అవకాశమిస్తామంది. ఆయనకు 48 ఏళ్లు. జీవితమంతా ఎదురుచూసిన ఆఫర్ లెటర్! వద్దన్నాడు. పాత వేగం లేదని ఆయనకి తెలుసు.

ఆ తర్వాత సెయింట్ లూయిస్ సిటీ హాల్‌లో శుభ్రం చేసే ఉద్యోగం, ఆపైన రాత్రి కాపలా. దాదాపు రెండు దశాబ్దాలు అదే కొలువు. రాత్రుళ్లు ఆ భవనానికి కాపలా కాసింది ఎవరో అక్కడ పనిచేసేవాళ్లలో ఎంతమందికి తెలుసుంటుంది చెప్పండి?

1974లో ఆయన్ను హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి తీసుకున్నారు. నీగ్రో లీగ్‌ల నుంచి ఆ గౌరవం అందుకున్న ఐదో ఆటగాడు. 1991లో కన్నుమూశాడు. 2020 డిసెంబర్‌లో, 1920-48 మధ్య నడిచిన ఏడు నీగ్రో లీగ్‌లు కూడా మేజర్ లీగ్‌లేనని ప్రకటించారు. 2024లో వాటి గణాంకాలను అధికారిక రికార్డుల్లో కలిపారు.

అయితే అన్నీ కలవలేదు. ఒక మ్యాచ్‌లో ఐదు హిట్లు కొట్టి ఐదు బేస్‌లు స్టీల్ చేశానని, ఆ రోజు స్కోరు పుస్తకం తేవడం మరిచిపోవడంతో ఒక్కటీ నమోదు కాలేదని బెల్ చెప్పుకొన్నాడు. ఆయన పరుగులు ఎన్ని అలా గాలిలో కలిసిపోయాయో!

కష్టపడితే అన్నీ వాటంతటవే వచ్చేస్తాయని ఈ జీవితం చెప్పదు. బెల్ కష్టపడ్డాడు, న్యాయం మాత్రం సమయానికి రాలేదు. అయినా ముద్ర వేసినవాళ్ల చేతిలో లేనివి కొన్ని ఆయన చేతిలో ఉన్నాయి. ఏం నేర్చుకోవాలి, ఎక్కడికి వెళ్లాలి, ఎవరికి దారివ్వాలి అన్నవి ఆయనే నిర్ణయించుకున్నాడు. మీ చేతిలో ఇంకోటి కూడా ఉంది, స్కోరు పుస్తకం. చేసిన ప్రాజెక్టు, ఇంటర్న్‌షిప్, పార్ట్‌టైమ్ పని... ఏదైనా సరే, తేదీతో సహా ఈ రోజే రాసిపెట్టుకోండి. కాలేజీ పేరు దగ్గరే ఆగిపోకుండా కింది లైను కూడా చదివేవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతారు. అప్పుడు ఆ లైను ఖాళీగా ఉండకూడదు.