మహర్షి దేవేంద్రనాథుని నిత్యోపాసన

దేవేంద్రనాథ ఠాకూరుగారు 1817 వ సంవత్సరమునఁ గలకత్తాలో సంపన్నగృహమున జనించిరి. 1843 లో బ్రాహ్మదీక్షఁ గైకొని, గాయత్రితో నిత్యోపాసన సలుపఁదొడఁగిరి. 1846 లో తండ్రి ద్వారకానాథులు లండనులో మృతినొందిరి. 1848 లో వారి వర్తకసంఘము దివాలా తీసెను. అప్పులవారు తాఁకరాని ట్రస్టు ఆస్తినిఁగూడ దేవేంద్రనాథులు వారి ముందుంచిరి. న్యాయవాదులమైన మేము ఇట్టి ఋణస్థుల మిక్కిలి యరుదుగాఁ జూచితిమి. ఇంటివ్యయము తగ్గించిరి గాని యుపాసనను దగ్గింపలేదు. ఆ యేఁటనే బ్రాహ్మధర్మగ్రంథమును గూర్చిరి.

ఉపాసకునకు విషాదమే కలుగదని మేము చెప్పము. 1856 లో మనస్సు విసిగి హిమాలయములకుఁ బోయిరి. అచ్చటను ధ్యానము సాగించి 1858 లో మరలివచ్చిరి. మనస్సు కుదుటఁబడిన పిమ్మట ధ్యానింతమని మనము దినదినము వాయిదా కోరుచున్నాము. కలఁతపడిన మనస్సుతోనే వారు కూర్చుండిరి.