రక్తబిందువు తెలిపిన రహస్యము

హైదరాబాదు నగరమున అమీర్‌పేట చెంతనే బేగంపేట కలదు. అచ్చటి యొక పాత భవనము సర్ రోనాల్డ్ రాస్ అను వైద్యుని పేర నిలిచియున్నది.

రాస్ 1857వ సంవత్సరము మే 13వ తేదీన హిమాలయ ప్రాంతమందలి అల్మోరాలో జన్మించెను. లండనులో వైద్యవిద్య నభ్యసించి, 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసునందు చేరెను. ఆ కాలమున మలేరియా జ్వరము లక్షలాది జనులను బలిగొనుచుండెను. చెడుగాలి వలన నది కలుగునని పలువురు తలచుచుండిరి. దోమలే దానికి కారణము కావచ్చునని మాన్సన్ అను వైద్యుడు 1894లో రాస్‌నకు సూచించెను.

1895లో సికింద్రాబాదునకు వచ్చి రాస్ పరిశోధన లారంభించెను. నడుమ బెంగుళూరునకు బదిలీయై, 1897లో మరల వచ్చెను. ఎండ మిక్కుటము. పంకా విసరినచో కోసియుంచిన దోమలు చెదరిపోవును గనుక గాలి లేకయే పనిచేసెను. చెమట తగిలి సూక్ష్మదర్శిని మరలు త్రుప్పు పట్టెను. హుసేన్ ఖాన్ అను రోగికి, కుట్టిన ప్రతి దోమకు ఒక అణా చొప్పున నిచ్చి, ఆ దోమలను పరీక్షించెను. ఆగస్టు 20న ఒక దోమ కడుపులో మలేరియా క్రిమి కానవచ్చెను. మరుసటి యేట కలకత్తాలో పక్షులపై పరిశోధించి, దోమకాటు వలననే రోగము వ్యాపించునని నిరూపించెను. 1902లో నోబెల్ బహుమానము లభించెను.

అంతటితో రాస్ విశ్రమింపలేదు. రక్తబిందువును గాజుపలకపై పలుచగా పూసి పరీక్షించుట నాటి వాడుక. క్రిములు కొలదిగా నున్నచో ఆ పలుచని పొరలో కంటబడవు; రోగము లేదని రోగిని పంపివేయు ప్రమాదము కలదు. కావున 1903లో నతడు పెద్ద బొట్టును మందముగానే యారనిచ్చు పద్ధతిని ప్రకటించెను.

బొట్టు ఆరుట సామాన్య విషయము కాదు. శుభ్రమైన గాజుపై నది పరచుకొనును. జిడ్డు గాజుపై ముడుచుకొని నిలుచును. నీరు ఆవిరియగునపుడు అంచులు త్వరగా నారును. లోపలి ద్రవము అంచులవైపు ప్రవహించుచు కణములను గొనిపోవును. ఒలికిన కాఫీచుక్క ఆరినపుడు చుట్టును నల్లని వలయ మేర్పడుట యిందువలననే. మందపు బొట్టు పూర్తిగా నారనిచో కడుగునపుడు కొట్టుకొనిపోవును. వేడిచేసి తొందరగా నార్చినచో రక్తపు రంగు నీటిలో కరగదు. తగినట్లు ఆరినదానిని నీటితో తడిపిన యెడల ఎరుపు వీడి, క్రిములు మాత్రము మిగులును. రంగు నద్దగా నవి స్పష్టముగా గోచరించును.

రాస్ 1932 సెప్టెంబరు 16న కన్నుమూసెను. నేటికిని అనేక దేశముల వైద్యశాలలలో మలేరియాను గుర్తించుటకు మందపు బొట్టునే ఆరబెట్టుచున్నారు. అది యారువరకు ఓపికతో వేచియుండుటలోనే ఒక రోగి ప్రాణము నిలుచుట కలదు.