గోపాలస్వామి దొరస్వామి నాయుడుగారు (1893–1974)

కొల్లేటి లంకలనుండి చేపల పెట్టెలను ఏలూరునకును, తాడేపల్లిగూడెమునకును మోసికొనివచ్చు పాత పికప్పు బండ్లను మన విద్యార్థులు చూచియుందురు. వానకాలపు తెల్లవారుజామున అట్టి పెట్రోలు బండి యొకటి దగ్గుచు, కుదుపుచు, బలము చాలక రోడ్డుప్రక్కన నిలిచిపోవుట కలదు. పనివారు దీనిని మిస్సింగు అందురు. పెట్టెలలోని మంచు కరగుచుండును. చేపలు చెడినచో ఒక కుటుంబపు కష్టార్జితము మట్టిపాలగును. తెలియనివాడు తొందరపడి క్రొత్త సామానులు కొనును. నేర్పరి ముందుగా చెవియొగ్గి వినును. ఇట్లు యంత్రము మాట వినుటతోనే జీవితము నారంభించి, దేశమున పేరుగాంచిన ఒక తెలుగుబిడ్డ చరిత్రమును ఇచ్చట చెప్పదలచితిని.

నాయుడుగారు 1893వ సంవత్సరము మార్చి 23వ తేదీన కోయంబత్తూరునకు సమీపమున నున్న కలంగల్ గ్రామములో జన్మించిరి. ఆ ప్రాంతమున స్థిరపడిన తెలుగు నాయుళ్ల వ్యవసాయ కుటుంబము వారిది. పసితనముననే తల్లిని కోల్పోయిరి. బడిచదువు వారి మనస్సున కెక్కలేదు. ఉపాధ్యాయుని మొగముపై ఇసుక చల్లి బడి విడిచిరని చెప్పుదురు. ఉపాధ్యాయుడనైన నేను ఈ సంగతిని దాచిన బాగుండునని తోచినది. కాని జీవితచరిత్ర వ్రాయువాడు నచ్చినది మాత్రమే వ్రాయరాదు. దీని ఫలితమును తుదివరకు చదివి తెలిసికొనుడు.

ఒకనాడు వారి యూరి దారిని ఒక ఆంగ్లేయ ఉద్యోగి మోటారు సైకిలుపై వచ్చెను. ఎద్దులు గుఱ్ఱములు లేక పరుగిడు ఆ బండిని చూచినది మొదలు బాలునకు నిద్ర లేదు. దానిని కొనుటకై కోయంబత్తూరు చేరి, హోటలులో సర్వరుగా పనిచేసి, అణా అణా కూడబెట్టి, తుదకు 300 రూపాయలకు ఆ బండినే కొనెను. కొన్నవాడు దానినెక్కి ఊరేగలేదు. మరలు విప్పి, ఒక్కొక్క భాగమును పరీక్షించి, మరల బిగించెను. ఇదియే ఆయన పాఠశాల.

అట్లు ఇంజను విప్పి చూచినవారికి తెలియు సూత్రమొకటి కలదు. తగిన పాళ్లలో పెట్రోలు, గాలి, వానిని అదుము బలము, సమయమునకు నిప్పురవ్వ: ఇవి కూడినగాని సిలిండరు పనిచేయదు. వీనిలో ఏది తప్పినను మిస్సింగు కలుగును. నాలుగు సిలిండర్ల పాత బండి నడచుచుండగా, విద్యుత్తు సోకని పటకారుతో ఒక్కొక్క ప్లగ్గు తీగను క్రమముగా తీసి పెట్టవలెను. తీయగానే ఇంజను ఇంకను క్రుంగినచో ఆ సిలిండరు మంచిదే. ధ్వని మారనిచో దోషమచ్చటనే యున్నదని గ్రహింపవలెను. పిమ్మట ఆ ప్లగ్గును విప్పి చూడవలెను. పొడిమసి పట్టియున్నచో పెట్రోలు ఎక్కువైనదనియు, నూనెతో తడిసినచో రింగులు అరిగినవనియు అనుమానింపవలెను. ఆ ప్లగ్గును ప్రక్క సిలిండరునకు మార్చినప్పుడు దోషము దానితో వెళ్లినచో ప్లగ్గే చెడినది. వెళ్లనిచో తీగనో, డిస్ట్రిబ్యూటరు మూతనో, అదుము బలమునో చూడవలెను. అన్ని సిలిండరులును కలిసి తడబడినచో పాయింట్లు, కండెన్సరు, కాయిలు, పెట్రోలులో చేరిన నీరు విచారింపదగినవి. మన కొల్లేటి తేమలో పలుమారులు డిస్ట్రిబ్యూటరు మూతను పొడిగుడ్డతో తుడిచినంతనే బండి కదలును. ఎలక్ట్రానిక్ పద్ధతిగల క్రొత్త బండ్లకు తీగలు తీయుట తగదు. బాలురు పెద్దల తోడు లేక దీనిని చేయరాదు.

ఈ పద్ధతిలోని నీతి యొక్కటే: ఒక్కసారికి ఒక్కటే మార్చుము, ఫలితము చూడుము, పిమ్మట ముందునకు సాగుము. రెండు మార్చినవానికి బండి బాగుపడినను కారణము తెలియదు.

పిమ్మట నాయుడుగారికి సర్ రాబర్టు స్టేన్సు దొరగారి ప్రోత్సాహము లభించెను. 1862లో కోయంబత్తూరున పాఠశాల స్థాపించిన క్రైస్తవ వర్తకుడీయన. బడి విడిచిన బాలునకు బడి కట్టినవాడు చేయూత నిచ్చుట గమనింపదగినది. 1920లో నాయుడుగారు ఒక బస్సు సంపాదించి, పొల్లాచి పళని పట్టణముల నడుమ స్వయముగా నడపిరి. యూనివర్సల్ మోటార్ సర్వీసు అను వారి సంస్థ 1933 నాటికి సుమారు 280 బస్సులతో వర్ధిల్లెను. దారిలో బస్సు నిలిచిన ప్రయాణికుల పని చెడునని యెఱిగినవారు గనుక, యంత్రముల రక్షణపైనను, వేళ పాటించుటపైనను వారికి పట్టుదల మెండు.

1937లో డి. బాలసుందరం నాయుడుగారితో కలిసి మనదేశమున తొలి విద్యుత్ మోటారును తయారుచేసిరి. విద్యుత్తుతో నడచు క్షవరపు కత్తిని గూడ నిర్మించిరి. తుదకు వారి దృష్టి విద్యపై ప్రసరించెను. 1945లో కోయంబత్తూరున ఆర్థర్ హోప్ పేర సాంకేతిక విద్యాలయము నెలకొల్పుటకు తోడ్పడిరి. నేటి ప్రభుత్వ సాంకేతిక కళాశాల దాని నుండి ఎదిగినదే. సంవత్సరముల తరబడి పుస్తకములకే విద్యార్థిని కట్టివేయక, స్వల్పకాలములో చేతిపనితో నేర్పవలెనని వారి మతము. ప్రభుత్వము సమ్మతింపనందున ఆ పదవి విడిచిరి. 1974వ సంవత్సరము జనవరి 4వ తేదీన పరలోకగతులైరి.

విద్యార్థులారా! నాయుడుగారు బడి విడిచిరి గనుక మేమును విడువవచ్చునని మీలో నెవరైన తలంతురేమో. హోటలులో బల్లలు తుడిచి కూడబెట్టిన ధనముతో ఆయన కొనినది ఒక పాఠమునే యని మరువకుడు. విద్యను ద్వేషించినవాడు విద్యాలయము కట్టించునా? తండ్రులారా! మీ బాలుడు పాత గడియారము విప్పి కూర్చున్నచో వెంటనే దండింపకుడు. మరల బిగించునా లేదా యని చూడుడు. ఉపాధ్యాయులమైన మనముగూడ తరగతిలో వెనుకబడిన పిల్లవానిని పనికిరానివాడని త్రోసివేయక, ఏ సిలిండరులో నిప్పురవ్వ తప్పినదో ఓర్పుతో వెదకుదము గాక. దేవుడు ఎవనికిని ఒక్క తలాంతైనను ఇయ్యక పంపలేదు.